ఎదుటివాని వంతు

కృష్ణా కాలువలనుండి నీరు పారెడి కంకిపాడు ప్రాంతమున, నీరు చాలని యేడు రైతులు వంతులు వేసికొని పొలములకు నీరు పెట్టుకొనుట పరిపాటి. ప్రక్కచేనివాని వంతు నడుచుచుండగా రైతు రెండు విధముల నుండవచ్చును. చెట్టునీడను తువ్వాలు పరచుకొని నిద్రింపవచ్చును. లేదా పార చేతబట్టి తన బోదెలోని పూడిక తీసి, గండిపడిన గట్టు పూడ్చి, నీరు రాగానే ఏ మడికి ముందు త్రిప్పవలెనో నిశ్చయించుకొనవచ్చును. ఇద్దరికిని నీటి వంతు ఒక్కటే. కాని వంతు వచ్చిన తరువాత మొదటివాడు ఇంకను గట్టు కట్టుకొనుచుండగనే రెండవవాని చేను సగము తడిసిపోవును.

చదరంగమాడువారి నడుమను ఇట్టి వంతులే కలవు. తెల్లపావులవాడు ఒక ఎత్తు వేయును. నల్లపావులవాడు దానికి బదులు వేయును. ప్రక్కను రెండు ముఖముల గడియారము నిలిచి, ఎవని వంతున వాని కాలమును తరిగించుచుండును. ఎదుటివాడు ఆలోచించుచున్నంతసేపు రెండవవానికి పనిలేనట్లు చూపరులకు తోచును. నిజమునకు పెక్కు ఆటలలో గెలుపోటములు ఆ నిమిషములలోనే సిద్ధమగుచుండును. ఈ సంగతిని మిక్కిలి శ్రద్ధతో పాటించుచున్నది చదరంగమాడెడి కంప్యూటరు ప్రోగ్రాము. అది జ్ఞాపకమును, కాలమును వాడుకొను క్రమము ప్రతి విద్యార్థియు గ్రహింపదగినది. అది చెప్పెడి జవాబును మాత్రము తొందరపడి గ్రహింపరాదు. ఈ రెండింటికిని గల భేదమును తెలిసికొనుట నేటి బాలబాలికలకు అత్యవసరము.

మొదట ఒక అపోహను తొలగించుకొనవలెను. కంప్యూటరు మిక్కిలి వేగము గలది గావున, ఆటను తుదివరకు లెక్కించి ఆడుచున్నదని పలువురు తలంతురు. అది పొరపాటు. ఆట ఆరంభమున తెల్లపావులకు 20 ఎత్తులు సాధ్యములు. వానిలో 16 బంట్లవి, 4 గుర్రములవి. ప్రతిదానికిని నల్లపావులకు 20 బదుళ్ళు కలవు. ఇట్లు రెండు ఎత్తులకే 400 వరుసలు ఏర్పడును. మూడు ఎత్తులకు 8,902, నాలుగింటికి 1,97,281, అయిదింటికి 48,65,609 వరుసలగును. 1950లో క్లాడ్ షానన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు చదరంగపు ప్రోగ్రామును గూర్చి ప్రకటించిన వ్యాసమున, సాధ్యమైన ఆటల సంఖ్య ఒకటి వేసి ప్రక్కన 120 సున్నలు పెట్టినంత యుండునని అంచనా వేసెను. ఎంతటి వేగముగల యంత్రమైనను ఆ లెక్కను ముగింపజాలదు.

కావున మానవునికి వలెనే యంత్రమునకును కొరత కలదు. దానికి కాలము చాలదు. జ్ఞాపకమున చోటును చాలదు. ఉన్న కాలమును, ఉన్న చోటును పొదుపుగా వాడుకొనుటలోనే దాని నేర్పంతయు నున్నది.

జ్ఞాపకము సంగతి ముందు చూతము. కంకిపాడునుండి గుడివాడకు నేరుగా పోవచ్చును. ఉయ్యూరు, పామర్రుల మీదుగా చుట్టుతిరిగియు పోవచ్చును. ఏ దారిని పోయినను చేరెడి ఊరు ఒక్కటే. చదరంగమునను ఇంతే. తెల్లపావులవాడు రాజు ముందరి బంటును మొదట జరిపి, తరువాత మంత్రి ముందరి బంటును జరుపవచ్చును. లేదా ముందువెనుకలుగా జరుపవచ్చును. ఎదుటివాని బదుళ్ళు అవియే యైనచో పలకమీద తుదకు నిలుచు స్థితి సాధారణముగా ఒక్కటే యగును. ఈ సంగతి గుర్తింపని యంత్రము ఒకే ఊరిని ప్రతి దారిని పోయి ప్రతిసారియు క్రొత్తగా చూచి వచ్చుచుండును. దాని శ్రమలో చాలభాగము పునరుక్తి యగును.

ఈ వృథాశ్రమను తప్పించుటకై ప్రోగ్రాము ఒక పట్టికను ఉంచుకొనును. ఒక స్థితిని పరీక్షించినంతనే దాని ఫలితమును అందు వ్రాసికొనును. అదే స్థితి వేరొక దారిని ఎదురైనప్పుడు మరల లెక్కింపక పట్టికను చూచుకొనును. 1967లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రిచర్డ్ గ్రీన్‌బ్లాట్ రూపొందించిన మాక్ హాక్ అను ప్రోగ్రాము మానవులతో పోటీలలో ఆడెను. అట్టి పట్టికను మొదట వాడిన ప్రోగ్రాముగా అది ప్రసిద్ధికెక్కినది.

కోట్లకొలది స్థితులలో కావలసినదానిని క్షణములో వెదకుట ఎట్లు? దీనికి 1970లో ఆల్బర్ట్ జోబ్రిస్ట్ ఒక చక్కని ఉపాయము చెప్పెను. చదరంగమున రెండు రంగులు కలిపి 12 విధముల పావులు, గళ్ళు 64. ప్రతి పావునకును ప్రతి గడిలోను ఒక్కొక్క సంఖ్యను ముందుగనే కేటాయించిన మొత్తము 768 సంఖ్యలగును. పలకమీదనున్న పావుల సంఖ్యలన్నిటిని ఒక పద్ధతిగా కలిపినచో ఆ స్థితికి ఒక గుర్తుసంఖ్య వచ్చును. ఎవని వంతు అనునట్టి సంగతులకు మరికొన్ని సంఖ్యలు చేర్తురు. ఒక పావు కదలినప్పుడు అంతయు మరల కలుపనక్కరలేదు. పాతగడి సంఖ్యను తీసి క్రొత్తగడి సంఖ్యను చేర్చిన చాలును. ఆ గుర్తుసంఖ్యయే పట్టికలో ఏ వరుసను చూడవలెనో తెలుపును.

ఇక ఆ పట్టికలో యంత్రము ఏమి వ్రాసికొనునో గమనింపవలెను. ఆ స్థితిలో మేలైన ఎత్తు ఏదో, దాని విలువ ఎంతయో వ్రాసికొనును. అంతతో ఆగదు. ఎన్ని ఎత్తుల లోతువరకు చూచి ఈ నిర్ణయమునకు వచ్చితినో కూడ వ్రాసికొనును. ఆ విలువ ఖచ్చితమైనదా, లేక ఇంతకు మించదు, ఇంతకు తగ్గదు అనెడి హద్దు మాత్రమేనా అనునదియు వ్రాసికొనును. తరువాత ఎనిమిది ఎత్తుల లోతు కావలసినచోట అయిదు ఎత్తుల లోతున తేలిన విలువ ఎదురైనచో దానిని నమ్మి ఊరకుండదు. నాడు మేలని తోచిన ఎత్తును ముందుగా పరీక్షకు తీసికొని, పనిని లోతుగా మరల చేయును. చోటు చాలనప్పుడు లోతు తక్కువదానిని, పాతబడినదానిని తొలగించి, మేలైనదానికి చోటిచ్చును.

బట్టీ పట్టుటకును ఈ జ్ఞాపకమునకును ఎంత భేదము! బట్టీ పట్టినవానికి జవాబు మాత్రమే గుర్తుండును; ఆ జవాబు ఎట్లు వచ్చినదో, తాను దానిని ఎంతవరకు పరీక్షించెనో తెలియదు. ప్రశ్న కొంచెము మారినచో వాని జ్ఞాపకము వానినే మోసగించును. లెక్కల పరీక్షలో సూత్రము గుర్తుండియు ఎక్కడ వాడవలెనో తెలియక తబ్బిబ్బగు విద్యార్థి ఇట్టివాడే. తనకు తెలిసినదానిలో గట్టిగా తెలిసినది ఎంత, పైపైన తెలిసినది ఎంత అని గుర్తుంచుకొనువాడే నిజమైన జ్ఞాపకశక్తి గలవాడు. చదువుకొనెడి పుస్తకముల అంచులలో ‘ఇది అర్థమైనది’, ‘ఇది మరల చూడవలెను’ అని గుర్తు పెట్టుకొను అలవాటు ఈ పట్టికకు సాటివచ్చును.

కాలము విషయమునను యంత్రము ఒక పద్ధతిని పాటించును. అది ఒక్కమారుగా మిక్కిలి లోతునకు దిగదు. మొదట ఒక ఎత్తు లోతు చూచును. తరువాత రెండు, పిమ్మట మూడు, ఇట్లు క్రమముగా పోవును. ప్రతి మెట్టునను దానివద్ద ఒక జవాబు సిద్ధముగా నుండును. కాలము ముగిసినదని గడియారము తెలిపిన మరుక్షణమున అప్పటికి మేలని తేలిన ఎత్తును వేయును. మొదటి మెట్ల శ్రమ వృథా యగునేమో యని సందేహము కలుగవచ్చును. కాదు, ఆ మెట్లలో పట్టిక కెక్కిన ఎత్తులే తరువాతి మెట్టున దేనిని ముందు పరీక్షింపవలెనో దారి చూపును. మేలైన ఎత్తు ముందుగా దొరకినచో చెడ్డవానిలో చాలభాగమును చూడకయే విడిచిపెట్టవచ్చును. చిత్తుప్రతి వ్రాసి దిద్దుకొనువాని వ్యాసము ఒక్కసారిగా వ్రాసినవాని వ్యాసముకంటె త్వరగా, చక్కగా ముగియుట ఎట్లో ఇదియు అట్లే.

గడియారమున మిగిలిన కాలమును మిగిలిన ఎత్తులకు పంచుకొనుట మరియొక పని. 90 నిమిషములలో 40 ఎత్తులు వేయవలసిన పోటీలో సగటున ఒక ఎత్తునకు రెండుంబావు నిమిషములు వచ్చును. కాని మంచి ప్రోగ్రాము అన్ని ఎత్తులకును సమముగా పంచదు. ఒకే ఎత్తు సాధ్యమైనచోట ఆలోచన మాని వెంటనే వేయును. లోతుగా చూచినకొలది అంతవరకు మేలనుకొన్న ఎత్తు చెడుచున్నట్లు కనబడినచో, అది గండమని గుర్తించి అదనపు కాలమును అక్కడ వెచ్చించును. పరీక్షాభవనమున తెలిసిన ప్రశ్నకు పుటలు నింపి, కఠినమైన ప్రశ్నకు వచ్చునప్పటికి గంట మ్రోగించుకొను విద్యార్థి ఈ పాఠమును నేర్చుకొనవలెను.

ఇప్పుడు ఎదుటివాని వంతు విషయము. యంత్రము తన ఎత్తు వేసి ఊరకుండదు. ఎదుటివాడు దేనిని వేయునో ఊహించి, ఆ బదులు పడినట్లే భావించి, దానిపై తన ఎత్తును వెదకుట ప్రారంభించును. ఎదుటివాడు మూడు నిమిషములు ఆలోచించి సరిగా ఆ ఎత్తునే వేసినచో, ఆ మూడు నిమిషముల పని యంత్రమునకు ఊరక లభించినట్లే. దాని గడియారము ఒక్క క్షణమైనను తరుగలేదు. ఊహ తప్పినచో ఆ వెదకుట విడిచి క్రొత్తది మొదలుపెట్టును. అప్పుడును అంతయు నష్టము కాదు. పట్టికలోనికి చేరిన స్థితులలో కొన్ని క్రొత్త దారిలోను ఎదురగును.

ఇక్కడ ఒక మెలకువ కలదు. నడి ఆటలో ఎదుటివానికి సుమారు 30 ఎత్తులు సాధ్యములు. వానినన్నిటిని సమముగా ఆలోచించినచో ఒక్కొక్కదానికి వచ్చు కాలము స్వల్పము. ఏదియు లోతుగా తేలదు. కావున ప్రోగ్రాములు సాధారణముగా మిక్కిలి సంభవమని తోచిన ఒక్క బదులును ఎన్నుకొని దానిపైననే పనిచేయును. తప్పుదునేమో యను భయముతో అన్నిటిని తాకి విడుచుటకంటె, ఒకదానిని నిశ్చయించి శ్రమించుట మేలు.

మరియొక మర్యాదయు కలదు. రెండు ప్రోగ్రాములను ఒకే కంప్యూటరుపై పోటీ పెట్టినప్పుడు, ఎదుటివంతున ఆలోచించు అలవాటును సాధారణముగా ఆపివేయుదురు. ఏలయన, ఒకటి ఎదుటివాని వంతున పనిచేసిన ఎదుటిదాని శక్తిలో కొంత హరించును. రైతు తన గట్టు బాగుచేసికొనవచ్చును గాని ప్రక్కవాని మడవ త్రిప్పరాదు. ఎదుటివాని వంతున ఆలోచించుట న్యాయమే. ఎదుటివాని ఆలోచన చెరచుట అన్యాయము. చదరంగపు నిబంధనలును ఎదుటి ఆటగానికి విఘ్నము కలిగింపరాదని చెప్పుచున్నవి.

ఇట్టి పద్ధతులతో యంత్రములు ఎంత దూరము పోయినవో చరిత్ర తెలుపుచున్నది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున విద్యార్థులు నిర్మించిన డీప్ థాట్ అను యంత్రము 1988లో బెంట్ లార్సెన్ అను గ్రాండుమాస్టరును పోటీలో ఓడించెను. నాడు ఆ విశ్వవిద్యాలయపు రోబోటిక్స్ సంస్థకు సంచాలకుడు చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించిన తెలుగువాడు, దబ్బల రాజగోపాలరెడ్డి. రాజ్ రెడ్డియని లోకమెరిగిన ఆయన ఆ యంత్రమును నిర్మింపలేదు గాని, పెద్ద కృత్రిమ మేధా వ్యవస్థల రూపకల్పనలో చేసిన కృషికై 1994లో ట్యూరింగ్ పురస్కారము నందెను. డీప్ థాట్ వంశమున పుట్టిన డీప్ బ్లూ 1997 మే నెలలో నాటి ప్రపంచవిజేత గారీ కాస్పరోవును మూడున్నర, రెండున్నర పాయింట్ల తేడాతో ఓడించెను. అది సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులను పరిశీలింపగలిగెడిది.

సెకనుకు 20 కోట్ల స్థితులు చూడలేని మానవునికి ఈ పాఠములతో నేమి పని యని కొందరందురు. మానవుడు అలసిపోవును, ఎదుటివాని వంతున విశ్రాంతి తీసికొనుటయే వానికి మేలని వాదింతురు. ఈ వాదమున కొంత సత్యము కలదు. పోటీలలో గొప్ప ఆటగాండ్రును లేచి నాలుగడుగులు తిరిగివచ్చుట చూచుచున్నాము. కాని అనుభవజ్ఞులు దీనికి చక్కని పరిష్కారము చెప్పియున్నారు. తన వంతున ఎత్తులను ఖచ్చితముగా లెక్కింపవలెను. ఎదుటివాని వంతున ఆట మొత్తమును దూరమునుండి చూడవలెను. తన పావులలో పనిలేనిది ఏది? ఎదుటివాడు కోరునది ఏమి? ఏ గడి బలహీనము? ఈ ప్రశ్నలు మనస్సును నలిపివేయవు. పైగా రాబోవు లెక్కకు నేలను సిద్ధము చేయును.

కంకిపాడునకు దూరముకాని గుడివాడలో 1987లో జన్మించిన కోనేరు హంపి, తండ్రి అశోక్ శిక్షణలో పెరిగి, 2002లో 15 ఏండ్ల వయసుననే గ్రాండుమాస్టరు బిరుదు నందెను. అప్పటికి అంత చిన్నవయసున ఆ బిరుదు పొందిన స్త్రీ వేరొకరు లేరు. 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్కులోను ఆమె మహిళల ర్యాపిడ్ ప్రపంచవిజేతగా నిలిచెను. ఆ పోటీలలో ఆటగానికి లభించునది 15 నిమిషములు, ఎత్తునకు 10 సెకనుల అదనము మాత్రమే. అంత స్వల్పకాలమున తన వంతులోనే అంతయు ఆలోచింతుననువాడు నిలువజాలడు. 2025 జూలైలో బటూమిలో జరిగిన మహిళల ప్రపంచకప్పు తుదిపోటీలో, తొలి రెండు ఆటలు సమమైన పిమ్మట, వేగపు ఆటలలో దివ్య దేశ్‌ముఖ్ హంపిపై గెలిచెను. గడియారము ఎవరి కీర్తిని చూచియు ఆగదు.

తెలుగువారికి ఈ విద్య క్రొత్తది కాదు. కంకిపాడు మీదుగా పోవు రహదారి చేర్చెడి బందరులో, హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడుగా పనిచేసిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, తన జంటకవి దివాకర్ల తిరుపతిశాస్త్రితో కూడి అవధానములు చేసి కీర్తి గడించెను. పూర్వపు అష్టావధానములలో చదరంగముకూడ ఒక అంశముగా నుండుట కలదు. అవధాని ఒక పృచ్ఛకునికి పద్యపాదము చెప్పి, వేరొకనివైపు తిరుగును. మొదటివాని వంతు మరల వచ్చులోపల ఆ పద్యమును మనస్సున నిలుపుకొనవలెను. తరువాతి పాదమునకు దారి చూచుకొనవలెను. నడుమ మ్రోగిన గంటలను లెక్కింపవలెను. తుదకు అన్నిటిని ధారణచేసి అప్పగింపవలెను. వంతునకు వంతునకు నడుమనున్న కాలమును జ్ఞాపకముతో నింపుటయే అవధానము.

ఇక హెచ్చరిక చెప్పవలసిన చోటు వచ్చినది. నేడు జేబులో ఇముడు ఫోనులోని ప్రోగ్రాము ప్రపంచవిజేతనైనను ఓడింపగలదు. దానిని ఉచితముగా పొందవచ్చును. ఈ సౌకర్యమే బాలునికి వలగా మారుచున్నది. ఆట ముగియగానే, ఒక్కొక్కప్పుడు ముగియకమునుపే, వాడు ఫోను తీసి మేలైన ఎత్తు ఏదియని అడుగును. యంత్రము చెప్పును, వాడు తల యూపును. ఏమి నేర్చినట్లు? యంత్రపు పట్టిక నిండినది. వాని పట్టిక ఖాళీగనే యున్నది. పోటీభవనములలోనికి ఫోనులు తేరాదను నిబంధన మోసమును ఆపుటకై పుట్టినది. కాని ఎవరును చూడని ఇంటిలో తన బుద్ధినే మోసగించుకొనువానిని ఏ నిబంధనయు ఆపలేదు. చదరంగమున మొదలైన ఈ అలవాటు లెక్కలకును, వ్యాసరచనకును పాకుచున్నది.

ఇట్లనుటచేత యంత్రమును దూరముగా పారవేయవలెనని కాదు. ఆటలో వేసిన ఎత్తులను కాగితముపై వ్రాసికొనవలెను. ఆట ముగిసిన పిమ్మట ఎక్కడ పొరపడెనో తానే వెదకి, తన అభిప్రాయమును ప్రక్కన వ్రాయవలెను. ఎంత లోతుగా చూచి ఆ అభిప్రాయమునకు వచ్చెనో దానిని కూడ వ్రాయవలెను. ఆ తరువాతనే యంత్రమును అడుగవలెను. అప్పుడు యంత్రపు జవాబు వాని జవాబుతో తలపడును; భేదమున్నచోట పాఠము దొరకును. ముందుగా అడిగినవానికి యంత్రము యజమాని. తరువాత అడిగినవానికి అది పరీక్షకుడు.

ఒక విషయమున మానవుడు యంత్రముకంటె అదృష్టవంతుడు. క్రొత్త ఆట మొదలైనప్పుడు ప్రోగ్రాము తన పట్టికను సాధారణముగా తుడిచివేయును. నిన్నటి ఆటలో పడిన శ్రమలో దానికి నేడు మిగులునది లేదు. విద్యార్థి పట్టిక అట్లు తుడిచివేయబడదు. నేడు తన శ్రమతో తెలిసికొన్నది రేపటికి, వచ్చు ఏటికి, జీవితకాలమునకు మిగులును. కాని తాను వ్రాసికొన్నదే మిగులును. ఎరువు తెచ్చుకొన్న జవాబు ఫోను మూయగానే మాసిపోవును.

తరగతిలో ఉపాధ్యాయుడు వేరొక విద్యార్థిని ప్రశ్న అడిగినప్పుడు తక్కినవారు ఊపిరి పీల్చుకొని కూర్చుండుట సహజము. ఆ ప్రశ్న తనకు కాదను ధైర్యము వారిది. కాని ఆ క్షణమున మనస్సులో తన జవాబును సిద్ధము చేసికొనువాడు గంటలో ఒక్కసారికి బదులు పదిసార్లు చదివినవాడగును. విజయవాడకు పోవు బస్సుకొరకు కంకిపాడులో నిలిచిన పది నిమిషములును ఇట్టివే.

తన వంతున శ్రమించువారు లోకమున చాలమంది కలరు. ఎదుటివాని వంతున తన బోదె బాగుచేసికొనువారు కొలదిమందియే. కాలువలో నీరు అందరికిని సమముగనే వచ్చును. అది వచ్చునప్పటికి ఎవని గట్టు గట్టిగా నున్నదో వాని చేనే పండును.